కరువులో నిలిచిన ఒప్పందం మంచి వానలకు సడలింది: చిత్రావతి పరీవాహకంలో ఒక ఊరి నీటి అనుభవం

బడి ముందర వేపచెట్టు కింద నేల ఊడ్చి, ముగ్గుపిండితో వీధులు, చెరువు, వంక, చేన్ల హద్దులు గీశాం. అది 2014 వేసవి. నీళ్ళు పోస్తున్న బోరు ఉన్నచోట పసుపు, ఎండిపోయిన బోరు ఉన్నచోట కుంకుమ పెట్టమని చెప్పాను. ఒక పెద్దమ్మ వెంటనే అడ్డుపడింది. "ఎండిపోయినదానికి కుంకుమ పెడతారా తల్లీ? బొగ్గు పెట్టించు" అంది. పిల్లలు పొయ్యిల్లోంచి బొగ్గుముక్కలు ఏరుకొచ్చారు. పసుపు చుక్కలు పన్నెండు దగ్గర ఆగాయి. బొగ్గుముక్కలు మాత్రం పెడుతూనే ఉన్నారు. ఒక్కొక్కరూ వచ్చి బోరు లోతు చెప్పి, దానికి డబ్బు ఎక్కడ తెచ్చారో కూడా చెప్పారు. నేను అడగలేదు. "ఇది మూడొందల అడుగులు. ఎద్దులమ్మి వేసినా." "ఇది అయిదొందలు. పాప పెండ్లికని పెట్టుకున్న దుడ్లు." సాయంత్రమయ్యేసరికి ఊరి అప్పుల చిట్టా మొత్తం నేల మీద ఉంది.

నీళ్ళ పని కోసం బయటి నుంచి వెళ్ళిన మేం ఆ ఊరివాళ్ళతో కలిసి పదేళ్ళు నడిపిన పనిని ఇక్కడ రాస్తున్నాను. ఊరి పేరు రాయడం లేదు. ఇందులో మాట తప్పినవాళ్ళ సంగతులు ఉన్నాయి, వాళ్ళు ఈ రోజుకూ నాకు అన్నం పెట్టి పంపేవాళ్ళే. ఉమ్మడి అనంతపురం జిల్లాలో, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాగా విడిపోయిన భాగంలో, చిత్రావతిలో కలిసే ఒక వంక పక్కన ఉంటుందని చెబితే చాలు. ఊరికి ఒక పాత చెరువు ఉంది. పైన ఇంకో ఊరి చెరువు, కింద మరో ఊరి చెరువు. పైది నిండితే మరువ, అంటే నిండిన చెరువు నీళ్ళు పొర్లిపోయే దారి, పారి మన చెరువులోకి, మనది నిండితే కిందికి. గొలుసు చెరువులంటే అవే.

నేల ఎర్రనేల, కింద గ్రానైట్. పంట వేరుశెనగ, ఎక్కువగా వానాధారం. వాన సంగతి అనంతపురం వాళ్ళకు చెప్పక్కర్లేదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు వచ్చేసరికి తూర్పు తీరం దూరమైపోతుంది. రెండు వానలకూ కొసన ఉన్న జిల్లా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర కురుస్తుంది.

ఆ సగటును నమ్మడమే మేం చేసిన మొదటి పొరపాటు. దాని సంగతి తర్వాత వస్తుంది.

రాయిలో ఎన్ని నీళ్ళు ఉంటాయి

బోరు వేస్తే కింద నది పారుతూ ఉంటుందని, తమ బోరు దాన్ని అందుకోలేదని చాలామంది అనుకునేవాళ్ళు. అందుకే ఇంకో వంద అడుగులు, ఇంకో వంద అడుగులు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పాయింటు చూసేవాళ్ళకు, రిగ్గు బండ్లకు ఆ నమ్మకమే గిరాకీ.

నిజానికి గ్రానైట్ ప్రాంతంలో నీళ్ళు ఉండేది పైన చివికిన పొరలో, దాని కింద రాతి పగుళ్ళలో. ఆ చివికిన పొరలో నూరు పాళ్ళ రాయి ఉంటే అందులోంచి మనకు దిగే నీళ్ళు ఒకటిన్నర, రెండు పాళ్ళే. లోతుకు వెళ్ళేకొద్దీ పగుళ్ళు తగ్గుతాయి. అంటే లోతుగా వేసిన బోరు చాలాసార్లు కొత్త నీళ్ళు తేదు, పక్కవాడి బోరులోవి లాగుతుంది.

ఈ మాట వాళ్ళకు లెక్కగా చూపించాం. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 4 వేల లీటర్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే 22 లక్షల లీటర్లు. చాలా నీళ్ళే అనిపిస్తుంది. కానీ ఎండకు ఆవిరైంది, మొక్క తాగింది, వంకలో పోయింది తీసేస్తే చివికిన గ్రానైట్ నేలలో భూమిలోకి ఇంకేది నూటికి 11 పాళ్ళని భూగర్భజల అంచనాల్లో వాడే ప్రమాణం. బంకమట్టి ఎక్కువున్నచోట 8. పదకొండే అనుకుందాం. ఎకరానికి 60 మిల్లీమీటర్లు, అంటే 2 లక్షల 40 వేల లీటర్లు. వరి మడికి పంట మొత్తానికి 1,200 మిల్లీమీటర్ల వరకు నీళ్ళు పెడతాం, అంటే 48 లక్షల లీటర్లు. భాగించమంటే పదో తరగతి చదివే అమ్మాయి ఒకతె భాగించి చెప్పింది: ఇరవై.

ఒక ఎకరం వరికి ఇరవై ఎకరాల మీద ఏడాదంతా ఇంకిన వాన కావాలి.

మడిలో ఇంకే నీళ్ళలో కొంత తిరిగి భూమిలోకే పోతుంది కదా అని ఒకాయన అడిగాడు. మంచి ప్రశ్న. ఆ భాగం తీసేసినా ఒక ఎకరం వరికి చాలా ఎకరాల వాన కావాల్సిందే. అదే ఎకరం వేరుశెనగకు, కాయ పట్టే ఊడలు పూత నుంచి నేలలోకి దిగే సమయంలో వాన మొండికేస్తే, 25 మిల్లీమీటర్ల తడి ఒక్కటి ఇస్తే పంట చేతికొస్తుంది. దానికి లక్ష లీటర్లు చాలు. ఒక్క ఎకరం వరి నీళ్ళతో 48 ఎకరాల వేరుశెనగకు ప్రాణం పోసే తడి ఇవ్వొచ్చు. ఈ లెక్క చెప్పిన రోజు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వరి వేసేది ఎవరో, ఆకాశం వైపు చూసేది ఎవరో అందరికీ తెలుసు.

ఒప్పందం

ఇలాంటి పని మాతో మొదలు కాలేదు. 2003 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో రైతులే వాన కొలిచి, బోర్లలో నీటిమట్టం చూసి, దాన్ని బట్టి రబీ పంటలు వేసుకునే కార్యక్రమం పెద్ద ఎత్తున నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడింది. పంట నీటి బడ్జెట్ అన్న మాట పల్లెల్లోకి అలాగే వచ్చింది. బోర్లన్నీ పైపులతో కలిపి, బోరు లేనివాళ్ళకు కూడా తడి ఇచ్చిన ఊళ్ళు ఇటు అనంతపురంలోనూ అటు మహబూబ్‌నగర్‌లోనూ ఉన్నాయి. నీళ్ళు, భూమి, చెట్లను కాపాడటానికి చేసిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ఇష్టం వచ్చినట్టు బోరు వేయకూడదు. చట్టం ఉందని ఊళ్ళో అందరికీ తెలుసు. రిగ్గు బండి రాత్రిపూట వస్తుందని కూడా తెలుసు.

మా ఊళ్ళో ఒప్పందం కుదరడానికి దాదాపు రెండేళ్ళు పట్టింది. పన్నెండు పసుపు చుక్కల్లో ఎనిమిది వంకకు ఈ పక్క ఒకే పట్టున ఉన్నాయి. ఆ ఎనిమిదింటిని పైపులైన్‌తో కలపాలని, వాటి చుట్టూ ఉన్న వానాధారపు చేన్లకు గేట్‌వాల్వులు పెట్టాలని అనుకున్నాం. మొదటి మీటింగులో ఒక బోరు యజమాని లేచి, "నా అప్పు ఎవురూ పంచుకోల్యా. నా నీళ్ళు మాత్రం పంచుకుంటారా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ మాట న్యాయమైనదే.

జవాబు ఆయన భార్య దగ్గర దొరికింది. మరుసటి వారం సంఘం మీటింగులో ఆమె అంది: "ఇప్పుడు మా బోరు రెండించులు పోస్తాంది. పక్కాయన ఇంకా లోతు వేసినాడంటే ఒకించు అయితాది. ఆయన వెయ్యకుండా ఉంటే చాలు, నాలుగు తడులు ఇస్తే నష్టమేముంది?" ఒప్పందం గుట్టు ఆమెకు మాకంటే బాగా అర్థమైంది. నీళ్ళిచ్చేవాడికి లాభం దానం చేశానన్న తృప్తి కాదు. చుట్టుపక్కల కొత్త బోరు పడదన్న భరోసా.

అలా 2016లో రాసుకున్నాం. పదేళ్ళు ఆ పట్టులో కొత్త బోరు వేయకూడదు. బోరు యజమాని తన పొలానికి వాడుకోగా వాన మొండికేసినప్పుడు పక్క చేన్లకు రెండు తడుల వరకు ఇవ్వాలి. రబీలో బోరు కింద వరి వేయకూడదు. మోటారు కాలినా, స్టార్టరు పోయినా ఖర్చు తడి తీసుకునే అందరిదీ. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినప్పుడల్లా ఒక్కడే లైన్‌మన్ చుట్టూ తిరిగే టెన్షన్ పోవడమే చాలామందికి నచ్చిన నియమం. మేం దాన్ని చివరి నిమిషంలో చేర్చాం.

వాన కొలిచే రెయిన్‌గేజి బడి డాబా మీద పెట్టాం. ఉదయం ఎనిమిదిన్నరకు చూసి గోడ మీద బోర్డులో రాసే పని ఒక అక్క తీసుకుంది. పదిహేను రోజులకోసారి నాలుగు పాత బోర్లలో నీటిమట్టం కొలిచేవాళ్ళు. దీపావళికి ముందు అందరూ కూర్చుని, ఎన్ని నీళ్ళున్నాయి, ఏ పంట ఎన్ని ఎకరాలు అని తేల్చేవాళ్ళు.

2018

ఆ ఏడాది రాయలసీమలో ఖరీఫూ పోయింది, రబీ కూడా పోయింది. మృగశిరలో ఒక పదును వాన పడితే విత్తనం వేశారు. తర్వాత మబ్బులు వచ్చాయి, వెళ్ళాయి. చుట్టుపక్కల ఊళ్ళలో కొత్త బోర్ల రిగ్గు మోత రాత్రంతా వినిపించేది. వరస కరువుల్లో ఎప్పుడూ జరిగేదే. సగం ఇళ్ళకు తాళాలు పడి జనం బెంగళూరు బస్సెక్కుతారు.

మా పట్టులో ఒక్క బోరూ పడలేదు. ఒక తడి అందరికీ ఇచ్చారు. రెండోది కొందరికే అందింది. దిగుబడి గొప్పగా రాలేదు. విత్తనానికి, పశువుల మేతకు సరిపోయింది. వలస వెళ్ళినవాళ్ళు ఉన్నారు. కానీ బోరు అప్పు మీద వెళ్ళినవాళ్ళు లేరు. రెండు బోర్లు ఏప్రిల్‌కు ఆగిపోయినా మిగిలిన ఆరింటితో తాగునీళ్ళకు లోటు రానివ్వలేదు. ట్యాంకరు కోసం కాగితం పెట్టాల్సిన పని పడలేదు.

ఇది విజయమని మేం రాసుకున్నాం. ఇతర ఊళ్ళవాళ్ళను బస్సుల్లో తెచ్చి చూపించాం. పద్ధతి పనిచేస్తుందని, ఇక ఈ ఊరికి మా అవసరం తగ్గుతుందని నేను నిజంగానే నమ్మాను.

వానలు వచ్చాయి

2019 సెప్టెంబరు నుంచి ఆకాశం మారింది. 2020లో అనంతపురం వాళ్ళు చాలా ఏళ్ళుగా చూడని వానలు పడ్డాయి. చెరువు నిండింది. మరువ పారిన రోజు ఊరంతా కట్ట మీదికి వచ్చి గంగమ్మకు పూజ చేసి, పొంగళ్ళు పెట్టి, పిల్లల్ని నీళ్ళలో ఆడనిచ్చారు. ఆ రోజు నేనూ ఉన్నాను. బొగ్గుముక్కలు పెట్టిన మనుషులే ఆ రోజు కట్ట మీద నవ్వుతూ తిరుగుతుంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ దీపావళి ముందు లెక్కల మీటింగుకు సగం మందే వచ్చారు. మరుసటి పదిహేను రోజుల నీటిమట్టం రాయలేదు. ఎండిపోయిన బోర్లు కూడా నీళ్ళు చూపిస్తుంటే కొలవడం ఎందుకు అన్నారు. జనవరికి ఒప్పందంలో ఉన్న ముగ్గురు బోరు కింద వరి వేశారు. ఒకాయన టమోటా. ఇంకొకాయన మల్బరీ నాటాడు. పట్టుపురుగులకు ఏడాది పొడుగునా ఆకు కావాలి, అంటే ఏడాది పొడుగునా నీళ్ళు కావాలి. వరిని ఒక్క పంటతో ఆపొచ్చు. మల్బరీ నాటితే పదేళ్ళ మాట.

నేను వెళ్ళి అడిగాను. అందరికంటే ముందు ఒప్పందానికి ఒప్పుకున్న పెద్దాయనే నాతో అన్నాడు: "అమ్మా, కరువులో కడుపు కట్టుకున్యాం. ఇప్పుడు దేవుడు ఇచ్చినాడు. ఒక్క ఏడన్నా మా బియ్యం మేం తినకూడదా?"

ఆయన్ని తప్పు పట్టలేకపోయాను. ఇప్పటికీ పట్టను. మా ఒప్పందం కాగితం మళ్ళీ చదివితే అందులో ప్రతి నియమమూ వాన పడదనే భయంతోనే రాసినట్టుంది. పడితే ఏం చేయాలో ఒక్క వాక్యం లేదు. సంతోషానికి చోటు పెట్టని ఒప్పందం సంతోషం వచ్చినప్పుడు ఎలా నిలుస్తుంది? వాన ఎక్కువ పడిన ఏడాది ఎన్ని నీళ్ళు ఖర్చు పెట్టొచ్చు, ఎన్ని దాచాలి అని ముందే మాట్లాడుకుని ఉంటే, ఆ పెద్దాయన అర ఎకరం వరి వేసుకుని కూడా మాట తప్పినవాడు అయ్యేవాడు కాదు.

లెక్కలోనూ తప్పుంది. ఆ చివికిన పొర పాత్ర చిన్నది. ఏడాదికి 60 మిల్లీమీటర్లు ఇంకితే నీటిమట్టం పది పదమూడు అడుగులు పైకొస్తుంది. అది చూసి కళ్ళు చెదురుతాయి. రాయి ఎంత తొందరగా నిండుతుందో అంత తొందరగా ఖాళీ అవుతుంది. ఒక్క మంచి వానాకాలం ఇచ్చిన నీళ్ళు రెండు వరి పంటలతో పోతాయి. ఈ సంగతి మేం కరువు వైపు నుంచి మాత్రమే చెప్పాం.

2021 నవంబరు

రెండో పాఠం చెరువు దగ్గర నేర్చుకున్నాం, చాలా తక్కువలో బయటపడి.

2020లో చెరువు నిండినప్పుడు మరువ మీద కొందరు కుర్రవాళ్ళు ఒక వరస బండరాళ్ళు, వాటి మీద ఇసుక మూటలు పేర్చారు. ఇంకో అడుగు నీళ్ళు నిలుస్తాయని. చాలా ఊళ్ళలో చేస్తారు. ఎన్నో ఏళ్ళు చెరువు ఎండి చూసినవాళ్ళకు మరువ మీద పోయే నీళ్ళు పోగొట్టుకున్న నీళ్ళలాగే కనిపిస్తాయి. మేం చూశాం, తీసేయమని గట్టిగా చెప్పలేదు. మేం కూడా నీళ్ళు నిలపడానికి పనిచేసేవాళ్ళమే కదా.

నవంబరు మూడో వారంలో బంగాళాఖాతంలో వాయుగుండం వచ్చి 19న చెన్నై దగ్గర తీరం దాటింది. తీరానికి ఇంత దూరంలో ఉన్న మాకు అది టీవీ వార్త అనుకున్నాం. ఆ రెండు రోజుల్లో కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. చిత్రావతిలో వరద మధ్య చిక్కుకున్నవాళ్ళను చెన్నేకొత్తపల్లి మండలంలో హెలికాప్టర్‌తో బయటికి తీయాల్సి వచ్చింది. చిత్రావతిలో హెలికాప్టర్! ఇసుక మాత్రమే చూసి పెరిగిన పిల్లలు ఉన్న ఊళ్ళవి.

మా ఊరి చెరువు రాత్రి పదికల్లా కట్ట మీదికి రెండడుగుల దూరంలో ఉంది. పై ఊళ్ళో కూడా ఒక రెయిన్‌గేజి ఉంది, దాన్ని చూసే అబ్బాయికి మా ఊరి అక్క నెంబరు తెలుసు. ఆ అబ్బాయి ఫోన్ చేసి, కొలపాత్ర నిండి ఒకసారి పారబోశానని, మళ్ళీ నిండుతోందని, తమ మరువ పొర్లుతోందని చెప్పాడు. ఆ నీళ్ళు మా చెరువుకు రావడానికి గంటన్నరో రెండు గంటలో. అక్క ముందు గుడి మైకు పెట్టించింది. చెరువు కింది వీధి వాళ్ళంతా బడిలోకి వచ్చారు. చెరువు నీళ్ళు వదిలే పని చూసే నీరుగంటి కొడుకు, మరో పది మంది నడుములకు తాళ్ళు కట్టుకుని మరువ మీద ఇసుక మూటలు, రాళ్ళు ఒక్కొక్కటీ పీకేశారు. ఏడాది క్రితం అవి పేర్చిన చేతులే అవి. తెల్లవారేసరికి నీళ్ళు మరువ మీదుగా పోయాయి. కట్ట ఒకచోట జారింది, తెగలేదు.

నీళ్ళు నిలపడానికి వంకకు అడ్డంగా మేం కట్టిన చెక్ డ్యామ్ పరిస్థితి అది కాదు. దానికి ఒక పక్క గట్టు కోసుకుపోయి వంక కొత్త దారి చేసుకుంది. పక్కన రెండు చేన్ల మీద మోకాలి లోతు ఇసుక మేట వేసింది. ఆ రెండు చేన్లూ చిన్న రైతులవి. తప్పు మాది. పాత సగటు వానల లెక్కతో పక్క గోడలు వేశాం. ఎప్పుడో ఒకసారి వచ్చే పెద్ద వాన ఈసారి మన కాలంలోనే వస్తుందని అనుకోలేదు. ఇసుక తీయించడానికి అయిన ఖర్చు మేమే పెట్టుకున్నాం. నేల మళ్ళీ నేల కావడానికి రెండు పంటలు పట్టింది.

వాతావరణం మారుతోందంటే ఎండలు పెరుగుతాయి, వానలు తగ్గుతాయి అని మేం ఊళ్ళో చెప్పేవాళ్ళం. అది సగం మాటే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకోగలదు. అంటే వానకూ వానకూ మధ్య నేలలో తడి ఎక్కువ పీల్చుకుంటుంది, కురిసినప్పుడు ఎక్కువ కుమ్మరిస్తుంది. 1901 నుంచి 2018 వరకు మన దేశం సగటున 0.7 డిగ్రీలు వేడెక్కిందని 2020లో కేంద్ర భూవిజ్ఞాన శాఖ నివేదిక లెక్క కట్టింది. మధ్య భారతంలో రోజుకు 150 మిల్లీమీటర్లు దాటే వానలు 1950 నుంచి 2015 లోపు 75 శాతం పెరిగాయని కూడా అందులో ఉంది. మాది మధ్య భారతం కాదు. కానీ ఎండబెట్టడం, ముంచెత్తడం రెండూ ఒకే వేడి చేసే పనులని ఆ రాత్రి తర్వాత ఊళ్ళో ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది. సగటు మాత్రం పెద్దగా కదలకుండా 550 దగ్గరే కూర్చోవచ్చు. సగటును చూసి చెక్ డ్యామ్ కడితే ఏమవుతుందో పైన రాశాను.

కొత్త కాగితం

2022 జనవరిలో మళ్ళీ బడి ముందర కూర్చున్నాం. ఈసారి ఒప్పందం రెండు భాగాలుగా రాశాం, ఊరివాళ్ళు తమ మాటల్లో రాయించారు. "లేని ఏడు" భాగం పాతదే. "ఉన్న ఏడు" భాగం కొత్తది.

ఉన్న ఏడులో వరి వేసుకోవచ్చు, చెరువు కింద మాత్రం. బోరు కింద వేయాలనుకుంటే ఇంటికి పావు ఎకరం, తిండి గింజలకు. నీటిమట్టం ఎంత పైకి వచ్చినా దీపావళి కొలతలో మూడో వంతు ముట్టుకోకూడదు, అది రాబోయే లేని ఏడుది. మూడో వంతు ఎందుకు, సగం ఎందుకు కాదు అని నన్నడిగితే శాస్త్రం చెప్పలేను. రాత్రి పదకొండు దాకా బేరమాడి ఆగిన చోటు అది. మేం గట్టిగా పట్టుబట్టింది ఒక్కదాని మీదే, ఉన్న ఏడులో కొలత మానేయకూడదని. అందుకు బోర్డు రాసే పని అక్క ఒక్కదాని మీద కాకుండా బడి పిల్లల మీద, నీరుగంటి ఇంటి మీద కూడా పెట్టారు. మల్బరీ ఆయన డ్రిప్పు వేసుకుంటానని, ఇంకో ఎకరం పెంచనని ఒప్పుకున్నాడు. తోట పీకమని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఒప్పందమే పోయేది.

మరువ మీద రాయి పెడితే జరిమానా. రోహిణి కార్తె లోపల తూము తలుపు, మరువ, కట్ట ఒకసారి నడిచి చూడాలి, తుమ్మలు కొట్టాలి. కట్ట మీద చెట్లు బలమని అనుకుంటారు కానీ వేళ్ళు కుళ్ళినచోట నీళ్ళు దారి చేసుకుంటాయి. పై ఊరి రెయిన్‌గేజి ఫోను ఒకరి చలవ మీద ఆధారపడకూడదని రెండు ఊళ్ళ నుంచి ముగ్గురేసి పేర్లు రాసుకున్నారు. 1369 నాటి పోరుమామిళ్ళ చెరువు శాసనంలో మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు చెక్కారు. మన ప్రాంతంలోనే, కడప జిల్లాలో ఉంది. చెరువు కట్టించడం, కాపాడటం ఒక విద్య అని అంతకాలం కిందటే రాసి పెట్టుకున్న నేల ఇది. మళ్ళీ కట్ట నడవడం నేర్చుకోవాల్సి వచ్చింది.

చెక్ డ్యామ్ తిరిగి కట్టేటప్పుడు ఎత్తు తగ్గించి, వెడల్పు పెంచి, పక్క గోడలు గట్టులోకి లోతుగా దించాం. నిలిచే నీళ్ళు తగ్గుతాయి. అందుకు బదులు పైన చేన్లలో గట్లు వేయడానికి, వానకు ముందే నవధాన్యాలు చల్లి నేలను కప్పి ఉంచడానికి డబ్బు మళ్ళించాం. ఎర్రనేల మీద పెద్ద చినుకు పడితే పైపొర అట్ట కట్టి నీళ్ళు జారిపోతాయి. కప్పు ఉన్న నేలలో చినుకు అక్కడికక్కడే దిగుతుంది. పెద్ద వాన నుంచి కూడా నీళ్ళు దాచుకోవాలంటే వంకలో గోడ కంటే చేన్లోనే పని ఎక్కువ అని ఇప్పుడు నా అభిప్రాయం. పదేళ్ళ కింద నేను ఇది ఒప్పుకునేదాన్ని కాదు. చెక్ డ్యామ్ ఫోటోలో బాగా కనిపిస్తుంది, చేను గట్టు కనిపించదు.

పరీక్ష, మిగిలినవి

ఎక్కువ రోజులు ఆగాల్సిన పని పడలేదు. 2022 అక్టోబరులో పండమేరు వాగు పొంగి అనంతపురం నగరంలో కాలనీలు మునిగాయి. మా చెరువు మరువ మీద రాయి లేదు, నీళ్ళు తమ దారిన పోయాయి. 2023 ఆగస్టు మన దేశంలో 1901 నుంచి లెక్కలున్న అన్ని ఆగస్టుల్లో అతి తక్కువ వాన పడిన ఆగస్టు. ఊడలు దిగే సమయం సరిగ్గా అదే. పైపులైన్ మీద ఒక తడి ఇచ్చారు, పది రోజుల తర్వాత రెండోదీ ఇచ్చారు. దాచిన మూడో వంతు అందుకే పనికొచ్చింది. 2018లో రెండో తడి అందనివాళ్ళకు ఈసారి అందింది.

అయినా అంతా సర్దుకుందని చెప్పలేను. ఒప్పందం పట్టుకు ఆనుకుని బయటి ఊరివాళ్ళు ఒకరు భూమి కొని వెయ్యి అడుగుల బోరు వేశారు. వాళ్ళు ఊళ్ళో ఉండరు, మీటింగుకు రారు. అధికారులకు ఇచ్చిన అర్జీకి ఇంకా జవాబు రాలేదు. మా ఎనిమిది బోర్లలో ఆ పక్కది అర ఇంచు తగ్గింది. చెరువుకు నీళ్ళు తెచ్చే కాలువ మీద కొంత ఆక్రమణ అలాగే ఉంది.

నన్ను ఎక్కువ బాధ పెట్టేది కౌలుదార్ల సంగతి. తడి హక్కు భూమి ఉన్నవాళ్ళ పేరు మీద రాశాం. ఊళ్ళో చేను చేసేవాళ్ళలో కౌలుదార్లు తక్కువేమీ కాదు. 2023లో ఒక కౌలు రైతు వంతు వచ్చినప్పుడు భూమి యజమాని ఫోన్‌లో దొరకలేదు, గేట్‌వాల్వు తిప్పడానికి ఎవరూ ధైర్యం చేయలేదు. మూడు రోజులు ఆలస్యమైంది. కాయ పట్టలేదు. కట్ట తెగబోయిన రాత్రి నడుముకు తాడు కట్టుకుని మరువలోకి దిగినవాళ్ళలో అతనూ ఒకడు. పదేళ్ళ గడువు ముగిసేటప్పటికి ఒప్పందం మళ్ళీ రాయాలి, అందులో తడి హక్కు చేను చేసేవాడిది అని ఉండాలని అక్క, నేను పట్టుబడుతున్నాం. భూమి యజమానులు కొందరు, అలా రాస్తే రేపు కౌలు హక్కు అంటారని భయపడుతున్నారు. ఆ భయం ఎలా తీర్చాలో ఇంకా తేలలేదు.

ఏటా రోహిణికి ముందు కట్ట నడిచిన రోజు సాయంత్రమే మీటింగు పెట్టుకుంటాం. ఈసారి కౌలుదార్ల ఇళ్ళకు వెళ్ళి పిలిచింది ఆ పెద్దాయనే, ఒక్క ఏడన్నా మా బియ్యం మేం తినకూడదా అని నన్నడిగిన ఆయన.